దుర్గవ్వ రోకలి గేరు

మా మామిడిపల్లిలో కారు నడిపే ఆడవాళ్ళలో ఎవరినైనా ఆపి, గేర్లు వేయడం మొదట ఎక్కడ నేర్చుకున్నావని అడగండి. "దుర్గవ్వ రోలు కాడ" అని చెబుతుంది. మీరు నవ్వితే కోపం కూడా తెచ్చుకుంటుంది. నేనూ అంతే. నా పేరు నిర్మల. నాకు కోపం కాస్త ఎక్కువని మా ఇంట్లో అంటారు గాని, దుర్గవ్వ అత్త విషయంలో వచ్చే కోపం న్యాయమైనదే.

ఆమె నాకు చుట్టమేమీ కాదు, ఊరి వరసకు అత్త. ఆమె భర్త మొగులయ్య మామ ఇరవై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన ఏడాది లారీ దిగి, పాత మారుతి ఎనిమిది వందల బండి ఒకటి కొని, డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. ఆ ఏడాది పెట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. భూములు పోయినవాళ్ళ చేతిలో పైసలు, భూములు అమ్ముకున్నవాళ్ళ చేతిలో పైసలు. నిన్నటిదాకా బోరు మోటారు చుట్టూ తిరిగినవాళ్ళ వాకిళ్ళలో కార్లు వచ్చి నిలబడ్డాయి. మా ఆయన పాండు కూడా తెల్ల కారు కొన్నాడు. నడపడం రాదు. మొగులయ్య మామ దగ్గర మూడుసార్లు చేరి, మూడుసార్లూ ఒకే కరెంటు స్తంభాన్ని గుద్దాడు. ఊళ్ళో అన్ని స్తంభాలుండగా ఆ ఒక్కదాని మీదే ఆయనకు ఎందుకంత పగో ఇప్పటికీ తెలియదు. చివరికి డ్రైవరును పెట్టుకుని వెనక సీట్లో కూర్చోవడం నేర్చుకున్నాడు.

నేర్పడానికి మొగులయ్య మామకు చోటు కరువు లేదు. మా చుట్టూ అన్నీ వెంచర్లే. రోడ్లు వేసి, నంబరు రాళ్ళు పాతి, గేటుకు రంగు కొట్టి, ఇళ్ళు మాత్రం కట్టకుండా వదిలేసిన ప్లాట్లు. ఎదురొచ్చేవాడు లేడు, హారన్ కొట్టేవాడు లేడు. గొర్రెలు వస్తే ఆగాలి, అంతే. అప్పట్లో పెట్రోలు యాభైల్లో ఉండేది. నేర్చుకునేవాళ్ళు అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మామ పెట్రోలుతో ఆ రోడ్ల మీద గిరగిరా తిరిగేవారు.

తర్వాత ధర ఎక్కడం మొదలైంది. అప్పుడో రూపాయి, ఇప్పుడో రెండు రూపాయలు. 2011 మే నెలలో ఒక్కసారే ఐదు. కొత్తగా నేర్చుకునేవాడు క్లచ్ తటాలున వదులుతాడు, బండి ఎగిరిపడి ఆగిపోతుంది. మళ్ళీ తాళం తిప్పు, మళ్ళీ ఆగిపోవడం. అరగంటలో బండి కదిలేది తక్కువ, తాగేది ఎక్కువ. మామ సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూలబడి, ఈ ఊరోళ్ళ కాళ్ళు బండికి పనికిరావని తిట్టుకునేవాడు.

ఆ తిట్లు వింటూ వంట చేసే మనిషి దుర్గవ్వ అత్త. ఆమె సంగతి చెప్పాలంటే ఒక్క మాట చాలు. నూనె ప్యాకెట్టు అయిపోతే దాన్ని కత్తిరించి, తిరగేసి, వేలితో తుడిచి కూరలో వేస్తుంది. అలాంటి మనిషి ఇంట్లో, కదలని బండి రోజూ లీటర్లకు లీటర్లు తాగుతుంటే ఎలా ఓర్చుకుంటుంది?

"కాళ్ళకు బుద్ధి రాకముందే బండిల ఎందుకు కూసోబెడుతున్నవ్?" అని అడిగింది ఒకరోజు. "కాళ్ళకు బుద్ధి చెప్పనీకి పెట్రోలు ఎందుకు? నేల మీద చెప్పొచ్చు గద."

"నేల మీద నువ్వే చెప్పు" అన్నాడు మామ విసుగ్గా.

ఆమె నిజంగానే చెప్పడం మొదలుపెట్టింది.

వాకిట్లో నేలలో పాతిన రోలు ఒకటుంది. దాని కుడి పక్కన పీట వేసింది. రోట్లో పొట్టి రోకలి నిలబెట్టింది. అది గేరు. ముందుకు వంచితే ఒకటి, వెనక్కి లాగితే రెండు, మన వైపుకు తెచ్చుకుని ముందుకు నెడితే మూడు, వెనక్కి లాగితే నాలుగు. పీట ముందు మూడు ఇటుకలు. ఎడమ ఇటుక కింద గింజలు ఒలిచిన మక్కజొన్న బెండు ముక్క అడ్డంగా పెట్టింది. కాలు మెల్లగా తీస్తే ఇటుక మెల్లగా లేస్తుంది, తటాలున తీస్తే టక్కుమని పక్కకు పడుతుంది. అది క్లచ్. స్టీరింగుకు తూట్లు పెద్దవైపోయిన పాత జల్లెడ.

ఇక ఇంజన్ అంటారా, ఇంజన్ దుర్గవ్వ అత్తే. ఎదురుగా గడప మీద కూర్చుని, చిక్కుడుకాయలు తుంచుకుంటూ నోటితో బండిని మోగించేది. ఏళ్ళ తరబడి ఆ మారుతి వాకిట్లోంచి వెళ్ళడం, రావడం విన్న చెవులు ఆమెవి. మొదటి గేరులో ఎంత గట్టిగా ఏడుస్తుందో, రెండో గేరులోకి వస్తే ఎలా ఊపిరి పీల్చుకుంటుందో, నాలుగులో ఎలా గునుస్తుందో అచ్చం అలాగే. ఆ చప్పుడు విని మనం గేరు మార్చాలి. ఆలస్యం చేస్తే ఆమె గొంతు పైకిపోయి కీచుమంటుంది. క్లచ్ తొక్కకుండా రోకలి కదిపితే స్టీలు గిన్నె మీద గరిటెతో గీకేది. ఆ చప్పుడుకు పళ్ళు జివ్వుమనేవి. ఇటుక పడిపోతే మాత్రం ఆమె ఒక్కసారిగా నోరు మూసుకుని మన ముఖంలోకి చూసేది. గరిటె చప్పుడునైనా భరించవచ్చు గాని, ఆ మౌనం భరించడం కష్టం. ఒకసారి పాలాయన సందులో స్కూటరు ఆపుకుని, లోపలి బండి బయటికొస్తే పోదామని చాలాసేపు ఎదురుచూశాడట.

మొదట మగవాళ్ళెవరూ ఆ పీట మీద కూర్చోలేదు. ఆడమనిషి ముందు జల్లెడ పట్టుకుని కూర్చోవడం ఇజ్జత్ తక్కువ కదా. పెట్రోలు ఇంకో రెండు రూపాయలు ఎక్కేసరికి ఇజ్జత్ దానంతట అదే దిగింది. ఇటుకల మీద పదిరోజులు కూర్చున్నవాళ్ళకే బండి ఇస్తానన్నాడు మామ. అత్త ఒక్కొక్కరినీ చూసి "ఈనె కాళ్ళకు బుద్ధొచ్చింది, తీస్కపో" అని చెబితేనే ఆయన తాళం తీసేవాడు. అలా బండెక్కినవాళ్ళ చేతిలో మారుతి ఎగిరిపడలేదు. తాగే పెట్రోలు సగానికి తగ్గింది.

2012 మేలో ఒక్క దెబ్బకు ఏడున్నర పెరిగింది. ఎనభై దాకా పోయింది లీటరు. ఆ వారం మా ఊరిని చూడాల్సింది. పాన్ డబ్బాకు కూడా కార్లో పోయినవాళ్ళు మళ్ళీ సైకిల్ మోటార్లు, అంటే పాత బైకులు, తుడుచుకున్నారు. దావత్‌కు పోవాలంటే మూడిళ్ళవాళ్ళు ముందురోజే కూడబలుక్కుని, ఈసారి ఎవరి బండి తీయాలో తేల్చుకునేవారు. మహేశ్వరం అంగడికి కార్లో పోయి కూరగాయలు తెచ్చే షోకు ఒక్క వారంలో పోయింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మా అత్త చంద్రమ్మ నా మొగుణ్ణి చూసి అనేది. పాండు డ్రైవరును మాన్పించాడు, కారుకు కవరు తొడిగాడు, తమ్ముడి బండి వెనక కూర్చుని పనికి పోవడం మొదలుపెట్టాడు.

మొగులయ్య మామ స్కూలు ఇక మూతపడినట్టే అనుకున్నాం. జరిగింది వేరు. ప్రతి ఇంట్లో డ్రైవరు పోయాడు గాని అవసరాలు పోలేదు. మా అత్త చంద్రమ్మకు మోకాళ్ళ నొప్పులు, నెలకు రెండుసార్లు దవాఖానకు తీసుకుపోవాలి. ఆటోలవాళ్ళు కూడా కిరాయి పెంచేశారు. మగవాళ్ళు పనులకు పోతారు, కారేమో ఇంట్లో కవరు కింద ఉంటుంది. దాన్ని ఎవరు తీయాలి? ఆడవాళ్ళు ఒక్కొక్కరే రోలు దగ్గరకు వచ్చారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన శాంతయ్య గారి కోడలు జూలీ విమానాశ్రయం సరుకుల షెడ్డులో పనిచేస్తుంది. మామగారి కారు ఊరికే పడి ఉంది. తాను నడిపితే, అదే షిఫ్టుకు వచ్చే మరో ముగ్గురిని ఎక్కించుకుని, పెట్రోలు నలుగురూ పంచుకోవచ్చని ఆమె ఆలోచన. పక్క ఊరు మంఖాల్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చేవారు. నేను వాళ్ళకంటే ఆలస్యంగా, అదే 2013లో ఎండాకాలం దాటాక చేరాను. మా ఆయన గుద్దిన స్తంభాన్ని నేనూ గుద్దుతానేమోనన్న భయంతో అన్నాళ్ళు ఆగాను.

ఇటుకల చదువుకు ఒక్కటే లోపం. మేమంతా చెప్పులు విప్పి పీట మీద కూర్చుని నేర్చుకున్నాం. అందుకని వెంచర్‌కు పోయి మారుతి ఎక్కేముందు కూడా చెప్పులు రోడ్డు మీద విప్పేవాళ్ళం. గేటు దగ్గర నంబరు రాయి పక్కన మా చెప్పులు వరసగా ఉండేవి. పక్క ప్లాటు చూసుకోవడానికి వచ్చిన సిటీవాళ్ళు, లోపల గుడి ఏమైనా ఉందా అని అడిగి వాళ్ళూ విప్పబోయారు.

ఆ జులైలో ప్రియదర్శిని గారు వచ్చారు. విజయవాడ వైపు మనిషి, శంషాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. వాళ్ళూ డ్రైవరును మాన్పించారు. ఎంత చదువుకున్నావిడైనా పీట మీద బుద్ధిగా కూర్చుని జల్లెడ తిప్పేవారు. వారం గడిచాక ఒక సాయంత్రం, ఏదో మాటల్లో అడిగారు.

"మీరు కారు నడపడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందండీ?"

అత్త చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. మేమందరం అక్కడే ఉన్నాం. చిత్రమేమిటంటే, మాలో ఒక్కరికీ అంతవరకు ఆ ప్రశ్న తట్టలేదు.

"నేనా?" అంది అత్త. "నేను ఎన్నడు నడపలే బిడ్డా. ఆ సీట్ల సుత కూసోలే."

ప్రియదర్శిని గారు నవ్వలేదు. కాసేపటికి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఈలోగా మాట ఊళ్ళో పాకింది. ఆ పీట మీదే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న పెద్దమనుషులు కూడా హోటల్ దగ్గర నిలబడి, ఈత రానామె మనకు ఈత నేర్పింది చూశావా అని పళ్ళికిలించారు. నాకు ఒళ్ళు మండింది. అందులో ఒకాయనకు క్లచ్ ఏ కాలితో తొక్కాలో ఆమే కదా చెప్పింది.

మూడో రోజు నేను పోయేసరికి రోట్లో రోకలి లేదు. గోడకు ఆనించి ఉంది. ఇటుకలు ఒక మూల పేర్చి ఉన్నాయి. అత్త గడప మీద ఊరికే కూర్చుని ఉంది. ఆమె చేతులు పని లేకుండా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏంది అత్తా గిట్ల?" అన్నాను.

"ఆయన మొదటి ఏడాదే రమ్మన్నడు" అంది. "పెట్రోలు దండుగ అని నేనే పోలే. తర్వాత నేను నేర్పబట్టిన. అప్పటిసంది భయం పట్టుకుంది. నేను కూసున్నంక బండి ఆగిపోతే, ఇగ నా మాట ఎవరింటరు? గందుకే దాటేసుకుంట వచ్చిన. అంటే గిన్నొద్దులు అబద్ధం చెప్పినట్టే గద నిర్మలా?"

నేను కాదన్నాను. ఆమె వినలేదు.

"లైసెన్సు పరీక్షకు పోత. పాసైతే మల్ల రోకలి పడత. కాకుంటే ఆ రోట్ల కారం దంచుకుంట, గంతే."

ఆమె అంటే అంతే. నాకు ఏడుపొచ్చింది. మారుతి ఒక్కటి, మొగులయ్య మామ ఒక్కడు మిగిలితే ఆ స్కూలు ఎన్నాళ్ళు నడుస్తుంది? అయినా అసలు బాధ స్కూలు గురించి కాదు. వందమందికి పైగా ధైర్యం చెప్పిన మనిషి, తనకు తాను చెప్పుకోలేక అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే ప్రియదర్శిని గారు వచ్చారు. రెండు రోజులు బ్యాంకులో తనిఖీ ఉండి రాలేకపోయారట. సంచిలోంచి లెర్నింగ్ లైసెన్సు దరఖాస్తు తీసి అత్త ముందు పెట్టారు.

"నేను తప్పు పట్టడానికి అడగలేదండీ" అన్నారు. "కానీ అడిగాను కాబట్టి నా వంతు నేను చేయాలి. ఇటుకలు అయ్యాక బండి మీద నాకు పది రౌండ్లు వస్తాయి కదా. అందులో ఒకటి మీరు తీసుకోండి."

మొగులయ్య మామ మధ్యలో కలగజేసుకుని, తన పెళ్ళానికి తాను నేర్పలేనా, ఎవరి రౌండ్లూ అక్కర్లేదన్నాడు. అత్త ఒప్పుకోలేదు. సంసారం పెట్రోలు తనకోసం చుక్క కూడా కాల్చదు. కానీ మరొకరు ప్రేమతో ఇస్తే కాదనడం తప్పని ఆమె లెక్క. అది చూసి జూలీ తనదీ ఒకటి ఇస్తానంది. మంఖాల్ అక్కచెల్లెళ్ళు చెరొకటి. నేనొకటి. ఐదు రౌండ్లు. వెంచర్ గేటు నుంచి వెనక గోడ దాకా పోయి రావడం ఒక రౌండు, రెండు కిలోమీటర్లు. దుర్గవ్వ అత్తకు మొత్తం పది కిలోమీటర్ల చదువు దొరికింది.

ఆగస్టులో లెర్నింగ్ కాగితం చేతికొచ్చింది. వారానికొక రౌండు అనుకున్నాం. మొదటి వారం ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంటే, పక్క సీట్లో మామ, వెనక నేనూ జూలీ. మామ కాలి దగ్గర నేర్పేవాళ్ళకు ఉండే రెండో బ్రేకు ఉంటుంది. అత్త తాళం తిప్పింది, క్లచ్ వదిలింది. బండి వెన్నలా కదిలింది. పదిరోజులు ఇటుకలు తొక్కిన మాకు కూడా అంత మెల్లగా రాలేదు. మామ వెనక్కి తిరిగి మా వైపు గర్వంగా చూశాడు.

ఆ గర్వం యాభై గజాలు నిలిచింది. అత్త సీట్లో కూర్చోగానే అలవాటు కొద్దీ నోటితో ఇంజన్ మొదలుపెట్టింది. బండి మొదటి గేరులో నత్తలా పాకుతోంది. ఆమె గొంతు మాత్రం అప్పటికే రెండు దాటి మూడులోకి పోయింది. ఏ చప్పుడు వింటే ఆ చప్పుడుకు గేరు మార్చాలని మాకు నేర్పిన మనిషి, తన గొంతు తానే విని మూడో గేరు వేసేసింది. బండి గజగజ వణికి ఆగిపోయింది.

"బండి మాట విను, నీ మాట కాదు" అని అరిచాడు మామ.

"బండి మాటనే అంటున్న నేను" అని ఆమె కూడా అరిచింది.

రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. ఆమె నోటికీ కారుకూ పొత్తు కుదరలేదు. నోరు మూసుకోమంటే మూసుకునేది గాని, పది గజాలు పోగానే తెలియకుండానే గుర్రుమనేది. మామ కాలు ఎప్పుడూ బ్రేకు మీదే. పెట్రోలు ఆ మధ్యలోనే మళ్ళీ రెండు రూపాయలకు పైగా పెరిగింది. మిగిలినవి రెండు రౌండ్లు.

నాలుగో వారం బండెక్కేముందు మామ చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"పుక్కిట పట్టు. మింగొద్దు, ఉమ్మొద్దు. మల్ల గేటు కాడికి వచ్చినంకనే ఉమ్మాలె."

బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బించుకుని దుర్గవ్వ అత్త బండి కదిలించింది. వెనక నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. జూలీ కిటికీలోంచి బయటికి చూస్తూ భుజాలు ఎగరేస్తూ నవ్వుకుంటోంది. కాని కాసేపటికి మా నవ్వు ఆగిపోయింది. బండిలో మొదటిసారి ఇంజన్ ఒక్కటే మోగుతోంది. అత్త తల కొంచెం పక్కకు వంచి వింటోంది. బయటి నుంచి ఆమె విన్న చప్పుడు వేరు, లోపలి నుంచి వినే చప్పుడు వేరు. అది ఇంత మెత్తగా ఉంటుందని ఆమెకు తెలియదు. వినీ వినీ, సరిగ్గా అడిగిన చోట రెండు వేసింది. తర్వాత మూడు. వెనక గోడ దగ్గర మలుపు తిప్పుకుని గేటు దాకా వచ్చి, బండి ఆపి, తలుపు తెరిచి నీళ్ళు ఉమ్మింది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూడడానికి నేను నా పది రౌండ్లూ ఇచ్చేసేదాన్ని.

ఐదో రౌండు కూడా పుక్కిట నీళ్ళతోనే, వెనక్కి నడపడంతో, ఎత్తు ఎక్కించడంతో అయిపోయింది. సెప్టెంబరు చివరలో పరీక్ష. పొద్దున్నే సిటీలోని పరీక్ష మైదానానికి పోయాం. మారుతిలో మేం నలుగురం, ప్రియదర్శిని గారి కారులో ఆమె, వాళ్ళాయన, మంఖాల్ అక్కచెల్లెళ్ళు. మొగులయ్య మామ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముందురోజు రాత్రంతా కన్ను మూయలేదని, అటూ ఇటూ పొర్లుతూనే ఉన్నాడని అత్త చెప్పింది. ఆమె మాత్రం సుఖంగా పడుకుందట.

మొదట నన్ను పిలిచారు. వెనక్కి నడపమంటే నడిపి, పాతిన కర్రను పడగొట్టాను. స్తంభాలతో మా ఇంటికి ఏదో పాత లెక్క ఉంది. నన్ను పదిహేను రోజులాగి రమ్మన్నారు. జూలీ, ప్రియదర్శిని గారు, అక్కచెల్లెళ్ళు పాసయ్యారు. తర్వాత అత్త వంతు. ఆమె బండెక్కింది. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని కాగితం చూస్తూ అడిగాడు.

"పేరేంటమ్మా?"

అత్త జవాబు చెప్పలేదు. కిటికీ బయట నిలబడ్డ నేను ఆమె బుగ్గలు చూశాను. పుక్కిట నీళ్ళు పట్టుకుని ఎక్కింది. మామ నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మా, పేరు" అన్నాడు ఇన్‌స్పెక్టరు తలెత్తి.

అత్త అటు చూసింది, ఇటు చూసింది. ఉమ్మడానికి చోటు లేదు. గుటుక్కున మింగేసింది.

"దుర్గవ్వ సార్."

"ఏం చేస్తుంటారు?"

"కారు నేర్పిస్త సార్."

ఆయన కాగితం చూశాడు, ఆమెను చూశాడు. "లైసెన్సు లేకుండానా?"

"రోలు మీద నేర్పిస్త సార్. బండి మీద మా ఆయన నేర్పిస్తడు."

ఇన్‌స్పెక్టరు ఏమనుకున్నాడో గాని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "సరే, పోనివ్వండి. చూద్దాం" అన్నాడు.

నీళ్ళు కడుపులోకి పోయాయి. నోరు ఖాళీగా ఉంది. ఆ నోటిని ఇప్పుడు ఆమె ఒక్కతే ఆపుకోవాలి. మేం మైదానం అంచుకు జరిగి చూస్తున్నాం. బండి కదిలింది. అద్దంలోంచి ఆమె పెదవులు కనిపిస్తున్నాయి, గట్టిగా మూసి ఉన్నాయి. గీతల మధ్య ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, ఒక్క కర్ర కూడా కదలలేదు. చివరికి ఎత్తు మీద బండి ఆపి, మళ్ళీ ఎక్కించాలి. చాలామంది తప్పేది అక్కడే. మారుతి ఎత్తు మీద ఆగింది. బ్రేకు వదలగానే జానెడు వెనక్కి జారింది. మామ కుడి కాలు గాలిలో బ్రేకు తొక్కింది. ఆయన ఉన్నది మైదానం అంచున, బండి యాభై గజాల అవతల. బండి జారడం ఆగింది, ఒక్క క్షణం అక్కడే వేలాడినట్టు నిలబడింది, తర్వాత నింపాదిగా ఎక్కి అవతలికి దిగిపోయింది.

ఇన్‌స్పెక్టరు బండి దిగి మామ దగ్గరకు వచ్చాడు. "ఆ రోలు ఏ ఊళ్ళో ఉందయ్యా? మా ఆవిడ కారు నేర్చుకుంటానంటోంది. పెట్రోలు పోయలేక చస్తున్నా" అన్నాడు.

నేను అత్తను పట్టుకుని ఏడ్చాను. నేను తప్పినందుకు ఏడుస్తున్నాననుకుని ఆమె నన్ను ఓదార్చింది.

తిరుగు ప్రయాణంలో అత్తే నడిపింది. పక్కన మామ, వెనక మేమిద్దరం. శ్రీశైలం రోడ్డు మీద బండ్ల రద్దీలో ఆమె ఎవరినీ తిట్టలేదు, ఎవరితోనూ పోటీ పడలేదు. జూలీ రేపటి నుంచి షిఫ్టుకు తన బండిలో ఎవరెవరు ఎక్కాలో చెబుతోంది. పహాడీ షరీఫ్ దాటుతుండగా నేను ముందుకు చూశాను. మొగులయ్య మామ రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, సక్లముక్లం వేసుకుని, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. నోరు తెరిచి ఉంది, సన్నగా గురక. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఆయన కునుకు తీయడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. అత్త కూడా చూసింది. ఒక్కసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

మామిడిపల్లి మలుపు వచ్చింది. బండి తిరగలేదు, నేరుగా పోయింది.

"అత్తా, మన మలుపు దాటిపోయింది" అంది జూలీ.

"ఎరుకే."

"పెట్రోలు ముల్లు కిందికి ఉంది" అన్నాను నేను, వినిపించీ వినిపించకుండా.

"రాత్రంత పండుకోలే ఆయన" అంది దుర్గవ్వ అత్త మెల్లగా. "మంఖాల్ దాక పోయి మర్లొద్దాం."

ఎదురుగా చిన్న ఎత్తు వచ్చింది. ఆమె చప్పుడు విని, క్లచ్ తొక్కి, గేరు తగ్గించింది. బండి కొంచెం కూడా కుదపకుండా ఎక్కింది. మామ మేలుకోలేదు.